ఎయిర్ రైఫిల్ మీద రెడ్ డాట్ ఎంత ఎత్తులో బిగించాలి

పోయిన వేసవిలో అనంతపురం దగ్గర మా చేనులో, కంచెకు పాతిన కడప బండ వెనక బోర్లా పడుకుని, 20 మీటర్ల అవతల ఇసుక గోతాల ముందు పెట్టిన ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బాకు గురి పెట్టాను. రైఫిల్ మీద బిగించిన రెడ్ డాట్ (గురి చూసే చిన్న అద్దం) లోపల కనపడే ఎర్ర చుక్క డబ్బా మధ్యలో కూర్చుంది, దారిలో అడ్డమేమీ కనపడలేదు, ట్రిగ్గర్ నొక్కాను. ఠప్పుమని బండ అంచు పెచ్చు లేచి మొహాన కొట్టింది. కళ్లద్దాలు పెట్టుకుని ఉన్నాను కాబట్టి అద్దం మీద గీతతో పోయింది, లేకపోతే కంటాసుపత్రికి పరిగెత్తాల్సి వచ్చేది. జరిగిందేమిటంటే, నా కన్ను చూసే దారి బండ పైనుంచి పోతోంది, పెల్లెట్, అంటే సీసపు గుండు, పోయే దారి దానికి ఆరున్నర సెంటీమీటర్లు కింద, అంటే నేరుగా బండలోకి.

తప్పు చుక్కది కాదు, ఫలానా దూరంలో పెల్లెట్ చుక్క మీదే తగిలేలా సరిచేసుకునే జీరోది కాదు. ఎత్తుది. రెడ్ డాట్ కొన్నప్పుడు వీడియోల్లో అందరూ మెడ నిటారుగా పెట్టి చూస్తున్నారు కదా అని నేనూ ఒక రైజర్, అంటే డాట్‌ను ఎత్తులో నిలబెట్టే దిమ్మె, తెప్పించాను, రైల్ (రైఫిల్ మీద సైట్ బిగించే పట్టా) సరిపోకపోతే దాని కింద ఒక అడాప్టర్ కూడా. బిగించి చూపిస్తే మా బావమరిది "ఏం బావా, మిద్దె మీద ఇంకో మిద్దె లేపినావే" అన్నాడు. వాడు నవ్వులాటకు అన్నాడుగానీ అసలు విషయం అదే. బండ దెబ్బ తిన్నాకగానీ నేను స్కేలు, వర్నియర్ పట్టుకుని కూర్చోలేదు. మీకు ఆ ఖర్చు లేకుండా నేను తెలుసుకున్నది రాస్తున్నాను.

చట్టం సంగతి ముందే చెప్పేస్తా, మళ్లీ ఎవరూ అడగకుండా. ఇక్కడ నేను మాట్లాడేది 0.177 ఎయిర్ రైఫిల్ గురించి మాత్రమే. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, 0.177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు, మూతి దగ్గర శక్తి 20 జౌల్స్, ఈ రెండూ దాటని ఎయిర్ గన్‌కు లైసెన్స్ అక్కర్లేదు. లైసెన్స్ అక్కర్లేదంటే ఏం కొట్టినా పర్వాలేదని కాదు. నెమలి, కౌజు, కుందేలు, వీటి జోలికి పోతే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుంది, అయి తీరాలి కూడా. డబ్బాలు, కాగితాలు, ఇనుప పళ్లేలు, ఇవి చాలు. ఇంకో మాట, కడప బండను గానీ బేతంచెర్ల రాయిని గానీ టార్గెట్ వెనక ఆసరాగా పెట్టకండి, సీసం వెనక్కి తిరిగి వస్తుంది. ఇసుక నింపిన గోతాలు రెండు వరసలు పేర్చుకోండి, మన వైపు చెనక్కాయల గోతాలకు కొదవ లేదు.

ఇక ఎత్తు.

చాలామంది అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని అంగుళాలు పెట్టాలన్నా?" అని. వీడియోల్లో 1.42, 1.57, 1.93, 2.26 అని అంకెలు వినపడతాయి, అవి ఎక్కడివో తెలుసుకుంటే సగం గందరగోళం పోతుంది. అవన్నీ ఏఆర్-15 అనే అమెరికా తుపాకీ లాంటి రైఫిళ్ల కోసం పుట్టిన కొలతలు, రైల్ పై అంచు నుంచి చుక్క అద్దం మధ్య వరకు ఉన్న ఎత్తు. ఆ రైఫిల్‌కు స్టాక్, అంటే భుజానికి ఆనించే భాగం, బారెల్‌తో తిన్నగా ఒకే గీత మీద ఉంటుంది, మన చెక్క స్టాక్‌లాగా కిందికి వంగదు. అందుకని భుజానికి ఆనించి చెంప పెడితే కన్ను బారెల్‌కు చాలా పైన ఉంటుంది, దాని ఇనుప సైట్లే (గురి చూడటానికి ముందు, వెనక ఉండే ముక్కలు) బారెల్ మధ్య నుంచి సుమారు 66 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటాయి. 1.42 అంగుళాలు, అంటే 36 మిల్లీమీటర్లు, పెడితే చుక్క ఆ ఇనుప సైట్ల గీత మీదికి సరిగ్గా వస్తుంది. 1.6 దగ్గర పెడితే ఇనుప సైట్లు అద్దం అడుగు భాగంలో కనపడతాయి. 1.93, అంటే 49 మిల్లీమీటర్లు, 2.26, అంటే 57, ఇవి హెల్మెట్, గ్యాస్ మాస్క్, రాత్రి చూపు పరికరం పెట్టుకుని తల ఎత్తి నిలబడి కాల్చేవాళ్ల కోసం. మిద్దె మీద లుంగీ కట్టుకుని డబ్బాలు కొట్టే మనకు గ్యాస్ మాస్క్ ఎత్తు దేనికి? నేను కొన్న రైజర్ సరిగ్గా ఆ కోవది.

మన స్ప్రింగ్ రైఫిల్, అంటే స్ప్రింగ్ తోసిన పిస్టన్ గాలిని నొక్కి పెల్లెట్‌ను తోసే రకం, దాని స్టాక్ వేరే ఆలోచనతో చేసింది. చెంప పెట్టే చోటు కిందికి దిగి ఉంటుంది, ఎందుకంటే దాని మీద వచ్చే ఓపెన్ సైట్లు, అంటే అద్దం లేని మామూలు సైట్లు, బారెల్‌కు దగ్గరగా ఉంటాయి, కన్ను అక్కడికే రావాలి. అలాంటి దాని మీద ఎత్తు రైజర్ పెడితే చెంప ఆనదు, గడ్డం ఆనుతుంది. గడ్డం మీద రైఫిల్ నిలబెట్టి చూడండి, ఒక్కోసారి ఒక్కోచోట ఆనుతుంది, పిట్టల దొర కట్టె తుపాకీ పట్టుకున్నట్టు ఉంటుంది. అదే ఓపెన్ సైట్లు లేకుండా, స్కోప్ (దుర్బీను) కోసమే చెంప దగ్గర ఉబ్బెత్తుగా చేసిన స్టాక్ అయితే కాస్త ఎత్తు కావాలి. కాబట్టి అంకె అడగడానికి ముందు మీ రైఫిల్ చెక్కను చూడండి.

"చెంప అంత ముఖ్యమా, రెడ్ డాట్‌కు పారలాక్స్, అంటే కన్ను జరిగితే గురి జరగడం, ఉండదు కదా, చుక్క అద్దంలో ఏ మూల ఉన్నా అక్కడే తగులుతుంది కదా" అంటారు. ఇది సగం నిజం. రెడ్ డాట్ లోపల చిన్న ఎల్ఈడీ వెలుగు వంపు అద్దం మీద పడి, సమాంతర కిరణాలుగా మన కంటికి తిరిగి వస్తుంది. అందుకే చుక్క దూరంగా టార్గెట్ దగ్గర ఉన్నట్టు అనిపిస్తుంది. సమాంతరం అంటే ఏమిటి? మీ కన్ను అద్దం మధ్య నుంచి 8 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే, చూపు గీత కూడా ఆ 8 మిల్లీమీటర్లే పక్కకు జరుగుతుంది, అంతకు మించదు. 100 మీటర్ల దగ్గర మనిషంత బోర్డు మీద 8 మిల్లీమీటర్లు లెక్కలోకి రావు. మనం కొట్టేది 10, 15 మీటర్ల దగ్గర, సీసా మూతంత టార్గెట్‌ను. అక్కడ 8 మిల్లీమీటర్లంటే తగలడానికీ తప్పడానికీ మధ్య తేడా. అందుకే ఎయిర్ రైఫిల్ మీద చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనాలి, అలా ఆనాలంటే ఎత్తు మీ మొహానికి కుదరాలి.

కొలవడం ఎలాగో చెప్తా, పావుగంట పని. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకోండి, పెల్లెట్ డబ్బా వేరే గదిలో పెట్టండి. రెడ్ డాట్ తీసేయండి. పిల్లలు స్కూలుకు తీసుకుపోయే 15 సెంటీమీటర్ల స్టీల్ స్కేలును రైల్ పక్కన నిలువుగా, సున్నా గీత రైల్ పై అంచుకు వచ్చేటట్టు టేపుతో అంటించండి. ఇప్పుడు గోడ వైపు తిరిగి, కళ్లు మూసుకుని, రైఫిల్ భుజానికి ఎత్తి, చెంప ఎక్కడ హాయిగా వాలుతుందో అక్కడ వాల్చండి. కావాలని నొక్కొద్దు, ఎత్తొద్దు. మెడ సడలిపోయాక కళ్లు తెరవండి. పక్కన నిలబడినవాళ్లను, ముందు కాదు, పక్కన, రైఫిల్ ఖాళీ అయినా ముందుకు ఎవరూ రాకూడదు, మీ కంటి ఎత్తులో ఫోన్ పట్టుకుని ఒక ఫోటో తీయమనండి. అలా ఐదుసార్లు. మధ్యలో రైఫిల్ కింద పెట్టి మళ్లీ ఎత్తాలి, అలాగే పట్టుకుని ఐదు ఫోటోలు తీయించుకుంటే అది ఒక్క ఫోటో కిందే లెక్క.

ఫోటోలో కంటిపాప మధ్య నుంచి బారెల్‌కు సమాంతరంగా గీత గీయండి, ఫోన్‌లోనే గీయొచ్చు, అది స్కేలు మీద ఎక్కడ తగిలిందో చదవండి. నాకు వచ్చినవి 21, 24, 23, 26, 22. సగటు 23 చిల్లర. అంటే నా మొహానికి, నా రైఫిల్‌కు చుక్క అద్దం మధ్య రైల్ నుంచి 23 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే చాలు. నేను పెట్టుకుని ఉన్నది 48! మెడ నొప్పి ఎందుకు వస్తోందో అప్పుడు తెలిసింది, అంతవరకు దిండు మార్చాలేమో అనుకుంటున్నా.

నిలబడి ఒకసారి, కుర్చీలో కూర్చుని బల్ల మీద ఆనించి ఒకసారి, పడుకుని ఒకసారి కొలవండి. పడుకుంటే తల ముందుకు జారి కన్ను కిందికి వస్తుంది, నిలబడితే పైకి పోతుంది. మీరు ఎక్కువగా ఏ భంగిమలో కొడతారో దాని అంకె తీసుకోండి. రెండూ సమానంగా కొడితే మధ్య అంకె, ఎందుకంటే రెడ్ డాట్ అద్దం 20 మిల్లీమీటర్ల పైనే ఉంటుంది చాలావాటికి, అటూ ఇటూ నాలుగైదు మిల్లీమీటర్లు అది సర్దుకుంటుంది. స్కోప్‌తో ఈ వెసులుబాటు ఉండదు.

వచ్చిన అంకెలోంచి మీ రెడ్ డాట్ సొంత ఎత్తు, అంటే దాని అడుగు నుంచి అద్దం మధ్య వరకు ఉన్నది, తీసేస్తే మిగిలేదే రైజర్ ఎత్తు. డాట్ సొంత ఎత్తు పెట్టె మీద రాసి ఉంటుంది, లేకపోతే వర్నియర్‌తో కొలవండి, కొలిచేటప్పుడు దానికి బిగించిన క్లాంప్‌తో కలిపి కొలవాలి. మిగిలింది సున్నా అయితే రైజర్ వద్దు. మైనస్ వచ్చిందంటే, అంటే మీకున్న అతి తక్కువ మౌంట్ (డాట్‌ను రైల్‌కు పట్టించే బిగింపు) కూడా ఎత్తే అయిందంటే, చెంపను ఎత్తాలి. దీనికి పాత హవాయి చెప్పు రబ్బరు కోసి, స్టాక్ మీద పెట్టి, పైన గుడ్డ చుట్టి టేపు వేస్తే అయిపోతుంది. చూడటానికి బాగోదు, పని మాత్రం బాగా చేస్తుంది. 

ఇప్పుడు చిక్కంతా అడాప్టర్ దగ్గర వస్తుంది. మన ఎయిర్ రైఫిళ్లకు ఎక్కువగా 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ అనే సన్న రకం గాడి ఉంటుంది, మార్కెట్లో దొరికే రెడ్ డాట్లకు పికటిన్నీ అనే వెడల్పు రకం రైల్‌కు సరిపోయే క్లాంప్, అది సుమారు 21 మిల్లీమీటర్ల వెడల్పు. ఒకదాని మీద ఒకటి కూర్చోదు. మధ్యలో అడాప్టర్ పెడితే ఒక సెంటీమీటరు దాకా ఎత్తు ఊరికే పెరుగుతుంది, దాన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు. వీలైతే డవ్‌టెయిల్ క్లాంప్‌తోనే వచ్చే డాట్ కొనండి. లేదా పికటిన్నీ రైల్‌తో వచ్చే రైఫిల్ అయితే ఈ గొడవే లేదు. కొనేముందు అమ్మేవాళ్లను "మొత్తం ఎత్తు ఎంత?" అని అడగండి. నాకు అమ్మినాయన "అన్నిటికీ సూట్ అవుతుంది సార్" అన్నాడు, అన్నిటికీ సూట్ అయ్యేది దేనికీ సరిగ్గా సూట్ కాదని ఇంటికి వచ్చాక తెలిసింది.

ఇప్పటిదాకా చెప్పింది మొహం వైపు లెక్క. బారెల్ వైపు లెక్క ఇంకోటి ఉంది, దీన్ని చాలామంది తలకిందులుగా అర్థం చేసుకుంటారు.

బారెల్ మధ్య నుంచి అద్దం మధ్య వరకు ఎత్తు ఎంతో ముందు కొలవండి. బారెల్ పై అంచు నుంచి అద్దం మధ్య వరకు కొలిచి, బారెల్ మందంలో సగం కలిపితే వస్తుంది. నాకు రైల్ పై అంచే బారెల్ మధ్యకు 17 మిల్లీమీటర్ల పైన ఉంది. డాట్ నేరుగా రైల్ మీద కూర్చుంటే 23 కలిపి 40. అడాప్టర్ 10, రైజర్ 15 కలిపినప్పుడు 65. ఈ 40కీ 65కీ తేడా కాగితం మీద ఎంత అనేది చూద్దాం.

సుమారు అర గ్రాము పైన, 0.54 గ్రాముల పెల్లెట్, మూతి దగ్గర సెకనుకు 200 మీటర్ల వేగం, 20 మీటర్ల దగ్గర జీరో చేశాం అనుకోండి. ఇది దాదాపు 11 జౌల్స్, మామూలు స్ప్రింగ్ రైఫిల్ స్థాయే. గాలి ఒరిపిడిని ఉజ్జాయింపుగా కలిపి నేను వేసిన లెక్క ఇది. 40 ఎత్తుతో, 5 మీటర్ల దగ్గర పెల్లెట్ చుక్కకు 20 మిల్లీమీటర్లు కింద తగులుతుంది, 10 మీటర్ల దగ్గర 6 కింద, 15 దగ్గర సరిగ్గా చుక్క మీద, 20 దగ్గర మళ్లీ చుక్క మీద, 25 దగ్గర 9 కింద, 30 దగ్గర 26 కింద. 65 ఎత్తుతో అయితే 5 మీటర్ల దగ్గర 39 కింద, 10 దగ్గర 19 కింద, 15 దగ్గర 6 కింద, 20 దగ్గర చుక్క మీద, 25 దగ్గర 2, 3 మిల్లీమీటర్లు మాత్రమే కింద, 30 దగ్గర 14 కింద.

ఒకసారి మళ్లీ చదవండి. ఎత్తు పెంచితే దగ్గర చెడుతుంది, దూరం బాగుపడుతుంది. ఎందుకంటే ఎత్తులోంచి కిందికి వాలి చూస్తున్నాం కాబట్టి బారెల్ చూపు గీతకు ఇంకాస్త ఎక్కువ కోణంలో పైకి లేచి ఉంటుంది, పెల్లెట్ ఆ గీతను ఆలస్యంగా చేరుతుంది, ఆలస్యంగానే వదిలిపోతుంది. కాబట్టి ఎత్తు మౌంట్ చెడ్డదని నేను అనడం లేదు. 25, 30 మీటర్లే కొట్టేవాడికి, మొహం కుదిరితే, అది లాభమే. మిద్దె మీద, పెరట్లో, 8 నుంచి 15 మీటర్ల మధ్య కొట్టేవాడికి మాత్రం శుద్ధ నష్టం. మనలో ఎక్కువమందికి ఉండే జాగా అంతే కదా. పైగా దగ్గర దూరాల్లో ఈ తేడా చాలా నిటారుగా మారుతుంది, 65 ఎత్తుతో 5 మీటర్ల నుంచి 10కి జరిగితేనే 20 మిల్లీమీటర్ల తేడా. దూరం కంటితో అంచనా వేసి కొట్టేటప్పుడు ఇది పిచ్చెక్కిస్తుంది.

బండ కథ కూడా ఇక్కడిదే. మూతి దగ్గర పెల్లెట్ ఎప్పుడూ చూపుకు మీ ఎత్తు అంత కిందే ఉంటుంది, 40 అయితే 4 సెంటీమీటర్లు, 65 అయితే ఆరున్నర. పిట్టగోడ మీద, గట్టు మీద, మంచం కోడు మీద ఆనించి కొట్టేటప్పుడు అద్దంలోంచి చూసి దారి ఖాళీ అనుకోవద్దు. తల పక్కకు జరిపి బారెల్ ముందు ఏముందో మామూలు కంటితో చూడండి. మూతిని అడ్డం అవతలికి దాటించి పెట్టగలిగితే ఇంకా మంచిది. కళ్లద్దాలు తప్పనిసరి, చూపు బాగున్నా సరే.

ఇంకో మాట తరచూ వినపడుతుంది, ఎత్తు పెరిగితే రైఫిల్ పక్కకు ఒరిగినప్పుడు వచ్చే తప్పు పెరుగుతుందని. జీరో చేసిన దూరంలో అది నిజం కాదు. అక్కడ పక్కకు పోయేది పెల్లెట్ ఎంత కిందికి పడుతుందో దాని మీదే ఆధారపడి ఉంటుంది, మౌంట్ ఎత్తు మీద కాదు. పై లెక్కలో 20 మీటర్లకు పెల్లెట్ 53 మిల్లీమీటర్లు పడుతుంది, 5 డిగ్రీలు ఒరిగితే పక్కకు నాలుగున్నర మిల్లీమీటర్లు, 40 ఎత్తయినా 65 అయినా అంతే. 30 మీటర్ల దగ్గర తేడా వస్తుంది, 8.7కు బదులు 9.8, అంటే ఒక్క మిల్లీమీటరు. దీనికి భయపడి ఎత్తు మార్చుకోవద్దు. మా వైపు రామగిరి గాలిమరలు తిరిగే గాలిలో కొడితే గాలే అంతకు చాలా రెట్లు తోసేస్తుంది.

తక్కువ ఎత్తు పెట్టాలనుకున్నప్పుడు అడ్డం వచ్చేవి మూడున్నాయి. ఒకటి, ముందు సైట్. బ్రేక్ బారెల్ (బారెల్‌ను వంచి పెల్లెట్ పెట్టే) రైఫిల్ మూతి మీద ఉండే సైట్, దాని మీది గుండ్రటి కప్పు అద్దంలో కింద మసకగా కనపడొచ్చు. విప్పగలిగేదైతే విప్పేయండి, లేకపోతే కప్పు వరకు తీసేసినా సగం గొడవ పోతుంది. రెండు, పీసీపీ (ముందే గాలి నింపి పెట్టుకునే రకం) రైఫిళ్లలో పెల్లెట్లు పెట్టే గుండ్రటి మ్యాగజైన్ రైల్ కంటే పైకి పొడుచుకుని వస్తుంది, డాట్ దాని మీద పడితే మ్యాగజైన్ బయటికి రాదు, అక్కడ మీ మొహం ఏం చెప్పినా మ్యాగజైన్ మాట వినాల్సిందే, లేదా డాట్‌ను ముందుకో వెనక్కో జరపాలి. రెడ్ డాట్‌కు కంటి నుంచి ఇంత దూరం అనే నియమం లేదు కాబట్టి జరపడం వల్ల నష్టం లేదు. మూడు, కళ్లజోడు. చత్వారం అద్దాలు, రెండు భాగాల అద్దాలు పెట్టుకునేవాళ్లు తల బాగా వంచితే ఫ్రేమ్ పై అంచులోంచి చూడాల్సి వస్తుంది. అలాంటప్పుడు ఐదు, ఎనిమిది మిల్లీమీటర్లు పైకి పెట్టుకోండి, చెంప కింద రబ్బరు కూడా అంతే పెంచండి. చుక్క గుండ్రంగా కాకుండా తోక ఉన్న చుక్కలాగా, విచ్చుకున్న పువ్వులాగా కనపడుతుంటే డాట్ చెడిందని వెనక్కి పంపకండి, ముందు అద్దంలోంచి ఫోన్‌తో ఫోటో తీసి చూడండి. ఫోటోలో గుండ్రంగా ఉంటే అది మీ కంటిలోని ఆస్టిగ్మాటిజం, అంటే కంటి వంపులో ఉండే దోషం, ఏ ఎత్తులో పెట్టినా పోదు.

బిగించడం. స్ప్రింగ్ రైఫిల్ తన్నడం విచిత్రంగా ఉంటుంది, ముందు వెనక్కి, వెంటనే పిస్టన్ ఆగినప్పుడు ముందుకు. ఈ రెండు వైపుల కుదుపే మామూలు డాట్లను చంపేది, మౌంట్లను గాడిలో జరిపేసేది. మౌంట్‌కు స్టాప్ పిన్ ఉంటే రైల్ మీది రంధ్రంలో దించండి, పిన్ లేకపోతే డాట్ వెనక ఒక చిన్న స్టాప్ బ్లాక్ బిగించండి. ఎత్తు రైజర్‌తో ఇంకో బాధ, ఎంత ఎత్తుంటే అంత లివర్‌లాగా ఊపుతుంది, మర తొందరగా వదులవుతుంది. నాది నలభై షాట్లకోసారి వదులయ్యేది, నేనేమో జీరో తప్పుతోందని చుక్క తిప్పుతూ కూర్చునేవాణ్ణి. మరలకు నీలం రంగు లాక్‌టైట్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) ఒక బొట్టు చాలు, ఎరుపు వద్దు, మళ్లీ విప్పలేరు. బిగించాక మౌంట్ అంచు దగ్గర రైల్ మీద పెన్సిల్‌తో గీత పెట్టుకోండి, జరిగితే తెలిసిపోతుంది.

జీరో చేయడానికి ముందు 10 మీటర్ల దగ్గర పెద్ద కాగితం పెట్టి ఐదు షాట్లు కొట్టండి. పైన లెక్క ప్రకారం 20 మీటర్ల జీరో కావాలంటే 10 దగ్గర ఎంత కింద తగలాలో మీకు తెలుసు, 40 ఎత్తుకు 6 మిల్లీమీటర్లు. అక్కడికి తెచ్చుకుని 20కి పోతే పెల్లెట్లు ఆదా. మీ రైఫిల్ వేగం వేరే అయితే అంకె కొంచెం మారుతుంది, అందుకే 20 దగ్గర ముగించాలి. ఒక ఎంఓఏ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) అంటే 100 మీటర్ల దగ్గర 29 మిల్లీమీటర్లు, 20 దగ్గర 6 కన్నా కాస్త తక్కువ. మీ డాట్ ఒక్కో క్లిక్ ఒక ఎంఓఏ అయితే, 3 సెంటీమీటర్లు కింద తగిలితే పైకి ఐదు క్లిక్కులు. ఒక్క షాట్ చూసి తిప్పకండి, ఐదింటి మధ్య చూసి తిప్పండి. మిట్టమధ్యాహ్నం తెల్లటి సున్నపురాయి గోడ ముందు పెడితే చుక్క కనపడక వెలుగు చివరిదాకా పెంచుతారు, అప్పుడు చుక్క ఉబ్బుతుంది. పొద్దున ఎనిమిది లోపు కానిచ్చేయండి. పని అయ్యాక రైఫిల్‌ను కారులో ఎండకు వదలకండి, మన మే నెల ఎండకు లోపల బ్యాటరీ, జిగురు రెండూ దెబ్బతింటాయి.

చుక్క సైజు గురించి కూడా ఒక మాట, ఎత్తు ఎంత బాగా కుదిరినా దీని హద్దు దీనికి ఉంటుంది. 4 ఎంఓఏ చుక్క 10 మీటర్ల దగ్గర దాదాపు పదకొండున్నర మిల్లీమీటర్లను కప్పేస్తుంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్ మీద 8వ రింగు పది మిల్లీమీటర్ల చిల్లర, పదో రింగు అర మిల్లీమీటరు చుక్క. అంటే 8వ రింగు మొత్తం చుక్క కిందే పోతుంది. పోటీలకు పోవాలనుకునే పిల్లలు దీనితో అలవాటు చేసుకోవద్దు, అక్కడ ఇవి అనుమతించరు కూడా. 2012 లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కంచు గెలిచింది చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైట్‌తో. రెడ్ డాట్ డబ్బాలకు, పడిపోయే ఇనుప బొమ్మలకు, సరదాకు.

చివరగా, పాత రైజర్ తీసేసి డాట్‌ను డవ్‌టెయిల్ క్లాంప్‌తో నేరుగా రైల్ మీదికి దించాక నేను చేసిన పని ఒకటుంది, మీరూ చేయండి. 5, 8, 10, 15, 20, 25 మీటర్ల దగ్గర ఒక్కో కాగితం పెట్టి, అన్నిటికీ చుక్క మధ్యలోనే ఉంచి ఐదేసి షాట్లు కొట్టి, ఎంత కింద తగిలిందో స్కేలుతో కొలిచి, చిన్న చీటీ మీద రాసి స్టాక్ ఎడమ పక్క టేపుతో అంటించుకున్నాను. నా లెక్కకూ కాగితానికీ 5 మీటర్ల దగ్గర రెండు మిల్లీమీటర్లు, 25 దగ్గర నాలుగు తేడా వచ్చింది. చీటీ మీద కాగితం అంకెలే రాశాను. మా బావమరిది అది చూసి "ఇదేంది బావా, రేషన్ కార్డు అంటించినావా" అన్నాడుగానీ, మరుసటి ఆదివారం వాడే ఆ చీటీ చూసుకుంటూ 8 మీటర్ల దగ్గర వరసగా ఆరు సీసా మూతలు కొట్టాడు.